మందారాల దగ్గర మా వదిన

మా వదిన అమృతమ్మ ఇల్లెక్కడ అని మానవపాడులో ఎవరినైనా అడిగి చూడండి. ఇల్లు చూపించరు, చేను చూపిస్తారు. మనిషి ఎప్పుడూ అక్కడే కదా మరి. ఆమె మా ఆయనకు అక్క, నాకు ఆడబిడ్డ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చి ఉంది. ఆడబిడ్డ ఇంట్లోనే ఉందని తెలిసి మా అమ్మ, "నీ బతుకు ఆగమే జోగులమ్మా" అని ముక్కు చీదింది. నా బతుకేమీ ఆగం కాలేదు. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. అసలు ఆమె ఏ మాటా అనదు, అదే నా బాధ. కూర ఏం వండాలన్నా, చీర ఏ రంగు తేవాలన్నా, ఒంట్లో ఎలా ఉందన్నా ఒకటే జవాబు: "నాకేం తెల్వదు పిల్లా, మీ ఇష్టం." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ మండుతూనే ఉంది.

అలాంటి మనిషికి సంబంధం వచ్చింది. మా వాళ్ళలో మారుమనువు కొత్తేమీ కాదు. వీపనగండ్లలో ఉండే మా చిన్నమ్మ తెచ్చిన సంబంధం. పేరు వెంకట్రాములు. ఊరు వీపనగండ్లే గానీ ఎప్పుడో హైదరాబాదు పోయి అక్కడొక పెద్ద పార్కులో తోటమాలిగా కుదురుకున్నాడు. భార్య జబ్బు చేసి పోయింది, పిల్లలు లేరు. ఫొటోలో చూస్తే పొడుగ్గా, నల్లగా, ఎవరో తిట్టబోతున్నారన్నట్టు బిక్కచూపులు చూస్తున్నాడు. నాకు అప్పుడే నచ్చాడు.

అయితే ఆయన చిన్నమ్మతో ముందే ఒక మాట చెప్పించాడు. "తమ్ముడు ఒప్పుకుండు, మరదలు ఒప్పుకుంది అంటె నాకొద్దు. ఆమె నోటితోని ఆమె చెప్పాలె. గంటసేపు కూసుంటె ఏం తెలుస్తది? పొద్దంత పార్కుల ఉండుండ్రి. నా పని నేను చేసుకుంట, చూస్తుండుండ్రి. సాయంత్రం పార్కు మూసే విజిల్ ఏసేలోపల ఔనో కాదో చెప్తే చాలు. ఏం చెప్పకుంటె కాదనే అనుకుంట."

ఇది విని మా ఆయన పకపకా నవ్వాడు. "మా అక్క చెప్పుడా? అయినట్టే!" అన్నాడు. నవ్వడమెందుకంటే, అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఆ "మీ ఇష్టం" దగ్గరే చెడిపోయాయి. వచ్చినవాళ్ళు అది ఇష్టం లేకపోవడం అనుకుని లేచిపోయారు. నలభై దాటిన మనిషికి ఇది కూడా పోతే ఇంకొకటి రాదు. వానాకాలం వస్తే మళ్ళీ పత్తి చేను, ఆ పైయేడూ పత్తి చేను, మోకాళ్ళు మొరాయించేదాకా పత్తి చేనే. ఆమె వెళ్ళిపోతే మా చేలో పత్తి పని అంత చురుగ్గా చేసే చెయ్యి ఇంకొకటి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. తెలిసినా సరే ఆమెను పంపించాలని నేను పట్టుబట్టాను. ఆమె కూడా ఒక ఇంటికి యజమానురాలు కావద్దా? అయి తీరాలి అనుకున్నాను.

వదినా నేనూ ఆధార్ కార్డులు పట్టుకుని రాత్రి ఫ్రీ బస్సెక్కి, తెల్లవారేసరికి హైదరాబాదు ఇమ్లిబన్ బస్టాండులో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సులో పార్కు గేటు దగ్గరికి చేరాం. పార్కంటే నాలుగు బల్లలూ ఒక జారుడుబండా అనుకున్నాను నేను. లోపల అడుగు పెడితే అంతు కనబడలేదు. మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి గానీ తలలు లేవు. ఎక్కడో చెరువు ఉన్నట్టుంది, బాతుల అరుపు వినిపిస్తోంది గానీ నీళ్ళు కనిపించడం లేదు. మంచులోంచి మనుషులు వస్తారు, మా పక్కనుంచి గబగబా నడిచి మళ్ళీ మంచులోకి పోతారు. కాసేపటికి అదే మనుషులు మళ్ళీ వస్తారు. వదిన నా కొంగు పట్టుకుని చిన్నగా అడిగింది.

"ఏంది పిల్లా, వీళ్ళేమన్న పోగొట్టుకున్నరా?"

"లేదొదినె, ఒళ్ళు తగ్గనీకి నడుస్తుండ్రు."

"తగ్గనీకా!" అంది. అని, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసి చాన్నాళ్ళయింది.

పచ్చిక అంచుకు రాగానే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. ఎవరూ విప్పమనలేదు. అందరూ బూట్లతోనే తొక్కుతున్నారు. ఆమె మాత్రం ఎవరో నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు నడిచింది. మంచు మెల్లగా పైకి లేచేకొద్దీ పచ్చిక ఇంకా ఇంకా బయటపడుతోంది. గట్టు లేదు, కాలువ లేదు, చాలు లేదు. వదిన నిలబడిపోయింది.

"ఇది ఎవరి చేను?"

"ఎవరిది గాదు. అందరిది."

"మరి ఎవరు దున్నుతరు?"

"ఎవ్వరు దున్నరు."

"ఊకనే ఉంటదా ఇంత నేల?" అంది. అందులో బాధ లేదు, ఆశ్చర్యమూ లేదు. ఏదో పాట వింటున్నట్టు మొహం పెట్టింది. అప్పటినుంచే ఆమె మామూలు మనిషిగా లేదు, ఇప్పుడు తలుచుకుంటే నాకు అలా అనిపిస్తుంది.

వెంకట్రాములు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజం మీద చుట్ట చుట్టిన నీళ్ళ పైపు. ఫొటోలో కంటే ఇంకా బిక్కగా ఉన్నాడు.

"వచ్చిండ్రా చెల్లె? బస్సు మంచిగ దొరికిందా?" అన్నాడు నాతో.

చెల్లె అనేశాడు! వదినకు మొగుడైతే నాకు అన్నే కదా, వావి తనే కలిపేసుకున్నాడు. "ఆ, మంచిగనే దొరికిందన్నా" అని నేనూ గట్టిగా అన్నాను, వదిన చెవిలో పడేట్టు. ఆమె చెరువు వైపు చూస్తోంది. ఆయన చెట్ల వైపు చూస్తున్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు, ఖర్మ! పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద మమ్మల్ని కూర్చోబెట్టి, ఎండ ఎటు తిరిగినా ఆ నీడ ఉంటుందని చెప్పి, పనిలోకి పోయాడు.

మేం చూస్తూ కూర్చున్నాం. ఆయన పాదులు తవ్వాడు, ఎండుటాకులు ఊడ్చాడు, వంగిన కొమ్మకు కట్టె ఊతం పెట్టాడు. ఏ పనీ హడావుడిగా చేయలేదు. నేను కాసేపటికోసారి వదినను పొడుస్తూనే ఉన్నాను.

"నచ్చిండా?"

"చూస్తున్న గద."

"చూసింది సాలదా? చెప్పు!"

"నాకేం తెల్వదు పిల్లా."

నెత్తి కొట్టుకున్నాను. కానీ ఆమెను అని లాభం లేదు, ఆమెను ఎవరు ఏనాడు ఏమడిగారని? నాలుగో తరగతిలో బడి మాన్పించారు. చిన్నపిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయని సీడు పత్తి చేలోకి తోలారు. మా దిక్కు ఆ పని తెలియనివాళ్ళకు చెప్పాలి. రేపు పొద్దున విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ పొద్దుగూకే ముందే పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో చీల్చి, రేకులూ పుప్పొడీ ఒలిచేసి, నడుమనున్న సన్నటి కాడ ఒక్కటే నిలబెట్టాలి. మర్నాడు వేరే రకం చెట్టు పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. అప్పుడే కంపెనీవాళ్ళకు కావలసిన విత్తనం వస్తుంది. ఒక్క మొగ్గ తప్పించుకుని విచ్చుకుందంటే విత్తనంలో కల్తీ అన్నట్టే. అందుకని పూత కాలమంతా ఒక్క సాయంత్రం కూడా తప్పడానికి లేదు. జ్వరమొచ్చినా తప్పదు, చుట్టం చచ్చినా తప్పదు. పెళ్ళి కూడా పూత లేని రోజులు చూసి చేశారు ఆమెకు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ మొగుడు మోటరు దగ్గర కరెంటు తగిలి పోయాడు. పెళ్ళికి అడగలేదు, పుట్టింటికి తెచ్చేటప్పుడూ అడగలేదు. మళ్ళీ అదే చేలో నిలబెట్టారు. ఆమె బొటనవేలి గోరు చూడాలి, కొడవలి మొనలా గట్టిపడిపోయింది.

మధ్యాహ్నం వెంకట్రాములు చేతులు కడుక్కుని వచ్చాడు. జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి విప్పాం. రెండో రొట్టె సగం అయ్యాక, "మా దిక్కు రొట్టె తినక మస్తు దినాలాయె" అన్నాడు, రొట్టెతోనే చెప్తున్నట్టు. వదిన అడక్కుండానే ఇంకో రొట్టె ఆయన ముందు పెట్టింది. నేను చూడనట్టు నీళ్ళు తాగాను.

పోయేముందు దూరంగా బాట పక్కనున్న పొదల వరస చూపించాడు. "గవి మందారాలు చెల్లె. చిన్న చిన్న కొమ్మలు దెచ్చి నేనే నాటిన. నిండ మొగ్గలున్నయి. రేపు ఐతారం గద, జనం వచ్చే యాళకు అన్ని ఒక్కపాలి ఇచ్చుకుంటయి. చూసి పోతె బాగుండు." చెప్పింది నాకే, కానీ చెవులెర్రబడ్డాయి ఆయనకు. ఆయన పోయాక వదిన ఆ పొదల వైపు చాలాసేపు చూసింది.

తర్వాత పచ్చిక మీద ఒత్తిగిల్లి పడుకుంది. పట్టపగలు, పదిమంది తిరిగే చోట, మా వదిన! నేను నోరు తెరిచేలోపే నిద్రపోయింది. నిద్రగన్నేరు నీడ ఆమె మీద మెల్లగా ఊగుతోంది. ఎండ ముక్కలు ఆమె చీర మీద అటూ ఇటూ జరుగుతున్నాయి. ఎక్కడో పిల్లల కేకలు, అవి కూడా నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టు. పార్కు మొత్తం ఊపిరి బిగబట్టి ఆమెను పడుకోనిస్తోందేమో అనిపించింది నాకు. వెంకట్రాములు గడ్డి కోసే మిషను నెట్టుకుంటూ ఇటే వచ్చాడు. ఆమెను చూశాడు. మిషను ఆపేసి, చప్పుడు కాకుండా వెనక్కి ఈడ్చుకుంటూ పోయాడు.

నిద్రలో ఆమె బొటనవేలు చూపుడువేలి మీద సన్నగా కదులుతోంది. ఇక్కడికొచ్చినా ఆ వేళ్ళకు తీరుబాటు లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

కాసేపటికి కళ్ళు తెరిచి, లేవకుండానే చెప్పింది. "కలల మన చేను కనవడ్డది పిల్లా. పూలన్ని ఇచ్చుకున్నయి. ఒక్కటి గుడ ఎవ్వరు గిల్లలె. పచ్చగ, చేనంత పచ్చగ." ఇంత పొడుగు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఇంకా చెప్తుందేమో అని ఊరుకున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ నీడ, ఆ గాలి, రాత్రంతా బస్సులో కూర్చొచ్చిన ఒళ్ళు. నేనూ ఎప్పుడు వాలిపోయానో తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. పక్కన వదిన లేదు. చెప్పులు మాత్రం ఉన్నాయి. చెరువు వైపు పరిగెత్తాను, లేదు. బాట వైపు తిరిగితే కనిపించింది. మందారాల వరసలో, చివరి పొద దగ్గర, నడుం కొంచెం వంచి, అచ్చం మా చేలో నిలబడ్డట్టే నిలబడి ఉంది. రెండు చేతులూ ఆడుతున్నాయి. బాట పొడవునా నేల మీద ఎర్రటి రేకులు రాలి ఉన్నాయి. రేపటి మొగ్గల్లో చేతికందినది ఒక్కటి కూడా మిగల్లేదు. ఎంత నీటుగా ఒలిచిందో, ప్రతి కొమ్మ చివరా సన్నటి కాడలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"ఒదినే! ఏం జేస్తున్నవే!"

ఉలిక్కిపడి నన్ను చూసింది. చేతులు చూసుకుంది. బొటనవేలు ఎర్రగా ఉంది. నిద్ర అప్పుడే వదిలినట్టుంది ఆమెకు, మొహం పాలిపోయింది.

"పొద్దుగూకుతున్నదని... పొద్దుగూకుతున్నది గద పిల్లా అని..." అంది.

"నీ చేతులిరగ! గవి పత్తి మొగ్గలా?"

"నడు పోదాం. ఆయన రాకముందె పోదాం. ఇంకే మొకం పెట్టుకోని చూడాలె." నా చెయ్యి పట్టి గుంజుతోంది.

"పోతె కాదన్నట్టే గదనే! విజిల్ ఏసే యాళయింది!" నేను కదల్లేదు. నిజం చెప్పొద్దూ, ఆమెను లాగి ఒక్కటి ఇద్దామనిపించింది. ఇంత దూరం తెచ్చి, రోజంతా గడిపి, చివరికి ఇదా!

అప్పుడే వచ్చాడు ఆయన. పొదల వరస ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఒక కాడను వేలితో తాకాడు. ఆ మొహం చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది. వదిన నా వెనక్కి చేరింది.

అంతలో మెడలో విజిల్ వేసుకుని సూపర్‌వైజరు సైకిలు మీద వచ్చి దిగాడు.

"ఏంది వెంకట్రాములు ఇది? పొద్దున నిండ మొగ్గలుండె గద!"

"కోతులు సారు."

"కోతులా? నేనీడికొచ్చి ఇన్నేండ్లాయె, ఒక్క కోతిని చూడలె."

"ఇయ్యాల్నే వచ్చినయి సారు."

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆ పెద్దమనిషికి అబద్ధం చెప్పడం కూడా రాదు. సారు కింద పడిన రేకులు చూశాడు, కొమ్మల మీద కాడలు చూశాడు.

"కోతులు ఇంత నాజూకుగ ఒలుస్తయా? ఎవర్ని చూసి మాట్లాడుతున్నవ్?"

నా వెనక నుంచి వదిన బయటికి వచ్చింది.

"కోతులు గాదు సారు. నేనే గిల్లిన."

నేను తెల్లబోయాను. సారు ఆమెను కింది నుంచి పైకి చూసి, వెంకట్రాముల వైపు తిరిగాడు.

"ఎవరీమె? నీకేమైతది?"

వెంకట్రాములు తల దించుకున్నాడు. పాపం, ఏం చెప్తాడు? ఎవరూ కాదనడానికి నోరు రాదు, నా మనిషే అనడానికి హక్కు లేదు. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. "కాబోయే పెండ్లాం" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ నేనంటే చెల్లదు, ఆయన పెట్టిన షరతే అది. పళ్ళు కరుచుకుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

"చెప్పవేంది? దారినపోయేటోళ్ళు చెట్లన్ని పాడుజేస్తె కోతులని నాకు కత చెప్తున్నవా? గిట్లయితె రేపటి సంది పనికి రాకు."

వదిన కొంగు తీసి నడుముకు దోపుకుంది. చేలోకి దిగేముందు ఎలా దోపుకుంటుందో అలాగే.

"దారినపోయేటోళ్ళం గాదు సారు. నేను ఆయన ఇంటిదాన్ని. లగ్గం ఇంక కాలె. అయితది."

సారు విజిల్ చేత్తో పట్టుకుని ఆమెనూ ఆయననూ మార్చి మార్చి చూశాడు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకు.

"లగ్గమా? మరి గా ముచ్చట ముందే చెప్పొద్దా? చెప్పకుంట కోతులంటవేందయ్యా!" అని గొణిగాడు. "ఆమెకు చెప్పుకో, మల్ల చెట్ల జోలికి రావొద్దని" అని సైకిలెక్కి, విజిల్ గట్టిగా ఊదుకుంటూ పోయాడు. పచ్చిక మీద జనం లేచి దుప్పట్లు దులుపుకుంటున్నారు.

మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. నా కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. వెంకట్రాములు పొద్దున్నుంచి మొదటిసారి తిన్నగా ఆమె మొహంలోకి చూశాడు.

"నా నౌకరి పోతదని భయపడి అన్నవా?" అన్నాడు. "భయానికంటె వద్దు. ఇప్పుడన్న చెప్పు, నేనేమనుకోను."

వదిన ఎర్రబడిన చేతిని కొంగుకు తుడుచుకుంది. తుడుచుకుని, ఆయన కళ్ళలోకి చూసి అంది.

"భయమే అయితె, కోతులే అని ఊకుంటుంటి గద."